ఎడమ కాలి కింది బ్రేకు

పోయిన వారం సాంసన్‌ని గంగారం దాటాక తండా మొదట్లో జీపు దింపి, అక్కడే నిలబెట్టి వచ్చేశాం. ఆ లెక్కన పాపం ఆయన వారం రోజులుగా ఎండలోనే ఉన్నాడు. ఈలోగా తొర్రూరు నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసి నన్ను బాగా కడిగేశారు. "ముప్పై రెండేళ్లు ఆ గడప తొక్కని మనిషి ఇప్పుడెందుకు పోయాడండీ, ఫోటో కోసమా?" అని. అవునమ్మా, ఫోటో కోసమే. ముఖం చెల్లని చోటికి పోవాలంటే మనిషికి చేతిలో ఏదో ఒక చిన్న పని ఉండాలి కదా.

ఈ వారమే పుస్తకం చేతికొచ్చిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. సాంసన్‌కి అరవై నాలుగేళ్లు. జనగామ రైల్వే గేటు దగ్గర రేకుల షెడ్డులో బండ్లు బాగుచేస్తాడు. ఒకప్పుడు మట్టి రేసుల్లో, అంటే దిబ్బలూ గుంతలూ ఉన్న బాట మీద మోటార్ సైకిళ్లు ఎగిరించే పందాల్లో, ఆయన దిగుతున్నాడంటే జనం కంచెలు విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లు. పదహారో ఏట లారీ కింద జాకీ జారి ఆయన కుడి మడమ నలిగింది. ఆ పాదం మళ్లీ వంగలేదు. కంపెనీ బండికి బ్రేకు కుడి కాలి కింద, గేరు ఎడమ కాలి కింద ఉంటాయి. గేరుకు ఒక్క తన్ను చాలు. బ్రేకును మాత్రం పాదం ఆనించి, ఎంత కావాలో అంతే నొక్కాలి. వంగని పాదంతో అది అయ్యే పని కాదు. దిబ్బ దిగుతూ చేతి బ్రేకు పడితే బండి తలకిందులవుతుంది, కాబట్టి మట్టిలో కాలి బ్రేకే దిక్కు. అందుకని ఆయన కొత్త బండిని ఇంటికి తెచ్చిన రోజే విప్పేశాడు. ఇంజను కింద అడ్డంగా ఒక రాడ్డు వేసి గేరును కుడికి, బ్రేకును ఎడమకి మార్చుకున్నాడు. అక్కడితో ఆగలేదు. హ్యాండిలు కోశాడు, సీటు ఎత్తు పెంచాడు. కంపెనీ వాళ్లు చేసేది సగం బండే, మిగతా సగం సాంసన్ చేసుకుంటాడని వరంగల్ మెకానిక్కులు నవ్వుకునేవాళ్లు.

1993లో భూపాలపల్లి రేసుకు నెల ముందు ఆయన కుడి మణికట్టు విరిగింది. రేసులో తన బండి నడపమని స్నేహితుడు బాల్‌సింగ్‌కి కబురు పెట్టాడు. మూడో చుట్టులో దిబ్బ మీద నుంచి దిగుతూ బాల్‌సింగ్ నేరుగా మొరం గుంతలోకి వెళ్లిపోయాడు, అక్కడే ప్రాణం పోయింది. మట్టి మీద బ్రేకు వేసిన గుర్తే లేదు. కాళ్లున్న మనిషి బ్రేకు తొక్కకుండా ఉంటాడా, తాగి ఉంటాడు అన్నారు. తండా మనిషి కదా, అనేవాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. సాంసన్‌ని అడిగితే "నాకు తెల్వదు" అన్నాడు. ఆ తర్వాత రేసులు మానేశాడు, బండి అమ్మేశాడు.

ఇప్పుడు అదే భూపాలపల్లిలో, అదే దిబ్బల మీద పాత బండ్ల రేసు పెడుతున్నారు. సాంసన్ అమ్మేసిన బండిని తుక్కులోంచి ఏరి తెచ్చి మళ్లీ ప్రాణం పోసిన మహబూబాబాద్ మెకానిక్ అకీల్, ఆ రేసుకు బాల్‌సింగ్ పేరే పెట్టాలని పట్టుబట్టాడు. పేరుతో పాటు ఫోటో కావాలి. ఫోటో బాల్‌సింగ్ భార్య మోతీబాయి దగ్గర ఉంది. అందుకని అకీల్ తన జీపులో సాంసన్‌ని ఎక్కించుకుని తండాకు వచ్చాడు. ఇక పదండి.

మోతీబాయి వాకిట్లో మిర్చి పరిచి ఉంది. ఆమె గోనెసంచి మీద కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఎండకు మాడిన బక్కపల్చటి చేతులు. ఇద్దరూ దగ్గరికి వచ్చే దాకా తల ఎత్తలేదు.

"ఎవరు?" అంది.

"నేను చెల్లె... జనగామ సాంసన్ను."

"ఎరికైంది. కుడి కాలు ఈడ్సుకుంట వస్తుంటె దూరం నుంచే ఎరికైంది. పేరు నీ నోటితోని చెప్తవో లేదో అని అడిగిన."

కూర్చోమని అనలేదు. సాంసన్ నిలబడే ఉన్నాడు. మిర్చి ఘాటుకు ఇద్దరు మగవాళ్లకూ దగ్గు వచ్చింది. ఆమెకు ఏమీ కాలేదు. అకీల్ గొంతు సవరించుకుని రేసు సంగతి చెప్పాడు. పై ఆదివారం అన్నాడు. పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తామన్నాడు, దండ వేస్తామన్నాడు. అమ్మా అమ్మా అంటూ చెప్పాల్సింది మర్యాదగానే చెప్పాడు.

ఆమె విన్నది. చేతిలోని తాలు కాయలు పక్కన పడేసింది.

"ఫోటో ఇస్త బిడ్డా. నాకు దండలు వద్దు. ఒక్క మాట గావాలె. గా మైకుల, అందరు ఇనేటట్టు, మా ఆయిన తాగలేదని ఈ అన్న చెప్పాలె."

"చెప్త చెల్లె. తప్పకుండ చెప్త," అన్నాడు సాంసన్. మాట ఎంత తొందరగా వచ్చిందంటే ఆయనకే సిగ్గేసింది.

"గంత అల్కగ చెప్తవా? ముప్పై రెండేండ్ల సంది ఎందుకు చెప్పకపోతివి మరి? మొన్న పింఛన్ కాడ లైన్ల నిలవడితె ఎనుకనుంచి ఒకామె అంటాంది, గామెనే, తాగి సచ్చినోని పెండ్లాం అని. ఆ పిల్లకు ముప్పై ఏండ్లు గూడ లెవ్వు. మా ఆయిన పోయినప్పుడు ఆమె పుట్టనే లేదు. ఆమెకెవరు చెప్పిన్రు?"

సాంసన్ దగ్గర ఉన్న జవాబు చెప్పేది కాదు.

ఆయన మనసులో ఏముందో నేను చెబుతాను, మీరు కోప్పడినా సరే. ఆ రేసు రోజు పొద్దున ఆయన ఒక పని చేశాడు. బాల్‌సింగ్ జీవితమంతా కంపెనీ బండే నడిపాడు కదా, నా అవిటి కాలి కోసం నేను మార్చుకున్న బండి మీద వాడు తడబడకూడదు అనుకున్నాడు. విరిగిన చెయ్యి మెడకు కట్టుకుని, ఎడమ చేత్తో పానాలు తిప్పుతూ, గంటన్నర కష్టపడి బ్రేకును మళ్లీ కుడికి, గేరును ఎడమకి తెచ్చి పెట్టాడు. తన బండిని ఇంకొకరి కోసం మార్చడం ఆయన బతుకులో అదొక్కసారే. బాల్‌సింగ్‌కి చెప్పాలని కూడా అనిపించలేదు. అలవాటైన బ్రేకు అలవాటైన చోట ఉంటే అందులో చెప్పడానికేముంది? ఎక్కి కూర్చోగానే తెలుస్తుంది, సంతోషిస్తాడు అనుకున్నాడు. ముప్పై రెండేళ్లుగా సాంసన్ నిద్ర పోగలిగాడంటే ఆ గంటన్నర పని వల్లే. నేను చేయాల్సింది చేశాను, ఆ పైన వాడి ఖర్మ అని. ఇంకా లోపల, తనకు తాను కూడా చెప్పుకోని మూలలో, తాగే ఉంటాడు, లేకపోతే కుడి కాలి కింద ఉన్న బ్రేకు ఎందుకు తొక్కడు అని తనూ అనుకున్నాడు. ఊరంతా అన్న మాటే స్నేహితుడూ అనుకున్నాడు. ఇంత చిన్న మనిషి గురించి నేను ఇన్ని వారాలు రాశానా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది.

మోతీబాయి లేచి చేతులు దులుపుకుంది.

"ఊకె తాగలే అంటె ఎవలు నమ్ముతరు? ఎందుకు తాగలేదో గూడ చెప్పాలె. రాండ్రి, సూపిస్త."

ఇంటి వెనక పశువుల కొట్టం. ఇప్పుడు పశువులు లేవు, పత్తి కట్టె పేర్చి ఉంది. ఆమె ఆ కట్టెను రెండు చేతులతో పక్కకు లాగింది. అకీల్ సాయం పట్టబోతే వద్దంది. కట్టె వెనక పాత పరదా, పరదా కింద ఒక మోటార్ సైకిలు. టైర్లు మట్టిలోకి దిగిపోయాయి. ట్యాంకు మీద రంగంతా పెచ్చులు లేచింది.

సాంసన్‌కి ఆ బండి తెలుసు. తన బండి రకమే, అదే కంపెనీ, అదే ఇంజను. బాల్‌సింగ్ దాని మీదే కేసముద్రం మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకుని పోయేవాడు. మొదటిసారి ఇద్దరూ కలిసింది అక్కడే. బస్తా కట్టి ఉన్న బండితో లారీల మధ్య సందుల్లోంచి దూసుకుపోతున్నవాణ్ని ఆపి, "రేసుకొస్తవా?" అని అడిగాడు సాంసన్.

"గిది ఎవ్వరు ముట్టలే," అంది మోతీబాయి. "ఆయిన పోయినంక మా తమ్ముడు గణేశ్ నడుపుత అని ఎక్కిండు. వాకిలి దాటకముందే గీ గుంజకే గుద్దిండు. బండికి దయ్యం పట్టిందన్నరు. బాల్‌సింగే దాంట్ల కూసున్నడు, ఇంకొగల్లను కూసోనియ్యడు అన్నరు. దయ్యం లేదు, ఏం లేదు. నాకు ఎరుకే. మా ఆయిన నా కండ్ల ముందటనే విప్పిండు, నా కండ్ల ముందటనే బిగిచ్చిండు."

అకీల్ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ఇంజను కిందికి చూస్తున్నాడు. చేత్తో మట్టి తుడిచాడు. ఇంజను కింద అడ్డంగా ఒక ఇనుప రాడ్డు ఉంది. కంపెనీ రాడ్డు కాదు, ఎడ్ల బండి ఇరుసు ముక్క. దాన్ని ఎవరో ఊరి కొలిమిలో కాల్చి వంచి, మొరటుగా అతికించారు.

"ఉస్తాద్," అన్నాడు అకీల్ మెల్లగా. "ఇది గూడ మీ బండి లెక్కనే తిప్పిండ్రు. బ్రేకు ఎడమకున్నది."

సాంసన్ వంగి చూశాడు. వంగినవాడు అట్లాగే ఉండిపోయాడు.

"నీ చెయ్యి విరిగిందని బస్సు డ్రైవర్ తోని కబురు పంపితివి గదన్నా, ఆ మాపే మొదలువెట్టిండు," మోతీబాయి చెప్తూనే ఉంది. ఆమె గొంతులో ఇప్పుడు కోపం లేదు. ముప్పై రెండేళ్లు ఎవరూ అడగని సంగతి చెప్పుకునే అవకాశం వచ్చింది కదా, ఆ ఆత్రమే ఉంది. "నేనన్న, మెకానిక్ గదా ఆ అన్న, నీకోసం ఆయిననే బండి మారుస్తడు తియ్యి అని. నా మీద కోపానికొచ్చిండు. సాంసనన్న బండికి చెయ్యి పెట్టొద్దు, అది అట్లనే ఉండాలె, నేనే మారాలె అన్నడు. నెల రోజులు దీని మీదనే. కేసముద్రం దాక పోవుడు, వచ్చుడు. మొదాట్ల రోజు పడుతుండె, మోకాళ్లు పగిలి వస్తుండె. కాలు మర్శిపోతాందని నాతోని ఎడమ కాలికి ఎర్ర దారం కట్టిపిచ్చుకున్నడు. అన్నం తినుకుంట గూడ ఎడమ కాలు నేలకేసి తొక్కుతుండె. పండుకున్నా తొక్కుతుండె, మంచం కిర్రు కిర్రుమని నాకు నిద్ర లేకుంటుండె. చుక్క తాగలే అన్నా. దసరాకు మా వాళ్లందరు తాగిన్రు, ఆయిన ముట్టలే. తాగితె కాలు మళ్ల పాతదాని మీదికి పోతదన్నడు."

ఆమె ఆగి ఊపిరి తీసుకుంది.

"గిది చెప్పు మైకుల. గింత పట్టుగ నేర్సుకున్నోడు తాగి ఎక్కుతడా?"

సాంసన్ గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు బాల్‌సింగ్ ఆలస్యంగా వచ్చాడు. లారీ దొరకలేదట. పరుగెత్తుకుంటూ వచ్చి నేరుగా గీత దగ్గర బండెక్కాడు. సాంసన్ కంచె ఇవతల, జనంలో ఉన్నాడు. బాల్‌సింగ్ గేరు వేయబోయి ఆగాడు. వంగి కుడి వైపు చూశాడు, ఎడమ వైపు చూశాడు. తల ఎత్తి జనంలో ఎవరి కోసమో వెతికాడు. సాంసన్ కనిపించాడు. ఆ చూపు ఆయనకు బాగా గుర్తుంది. ముప్పై రెండేళ్లు దాన్ని ఒకే రకంగా గుర్తుపెట్టుకున్నాడు, ఆశ్చర్యంగా, ప్రేమగా చూశాడని. ఇప్పుడు కొట్టంలో గుంజ పట్టుకుని నిలబడితే, అదే చూపు వేరుగా కనబడుతోంది. వాడు థాంక్స్ చెప్పలేదు. ఏం చేశావ్ అన్నా అని అడిగాడు. నేనేం చేయాలి ఇప్పుడు అని అడిగాడు.

మొదటి రెండు చుట్లూ తలతో ఆలోచించి నడిపి ఉంటాడు. మూడో చుట్టులో, దిబ్బ దిగేటప్పుడు, ఆలోచించడానికి సమయం లేని చోట, కాలు నేర్చుకున్నదే చేసింది. ఎడమ కాలు తొక్కింది. అక్కడ బ్రేకు లేదు.

అకీల్‌కి కూడా అర్థమైంది. సాంసన్ బండిని చేతులారా విప్పి కూర్చినవాడు కదా. దారిలో జీపులో, ఆ పొద్దున బ్రేకు మార్చిన సంగతి సాంసన్ నోటితోనే విన్నాడు కూడా, ఎంతో మంచి పనిగా. ఇప్పుడు లేచి నిలబడి సాంసన్ ముఖం వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. ఆ తిప్పుకోవడమే మోతీబాయి చూసింది.

ఆమె చదువుకోలేదు. కానీ ఈ ఒక్క బండిని ముప్పై రెండేళ్లుగా చూస్తూ బతికింది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"అన్నా," అంది. "ఆ పొద్దు నీ బండికి బ్రేకు ఏ దిక్కుండె?"

అబద్ధం చెప్పడానికి సాంసన్‌కి అంతకంటే మంచి చోటు ఉండదు. ఎడమకే ఉంది, ఎప్పటిలాగే ఉంది, ఏదో తెగిపోయి ఉంటుంది అంటే అయిపోయేది. అకీల్ నోరెత్తేవాడు కాదు. ఆమె ఫోటో ఇచ్చేది.

"కుడి దిక్కు," అన్నాడు. "నేనే మార్చిన. పొద్దుగాల. వానికి అల్కగుంటదని మార్చిన చెల్లె. వాడు నేర్సుకున్నడని నాకు తెల్వదు."

"చెప్పలేదా ఆయినకు?"

"లే."

"మరి ఎక్కినంక సూడలేదా ఆయిన?"

"సూసిండు. రెండు దిక్కుల వంగి సూసిండు. తర్వాత నా దిక్కు సూసిండు."

"నీ దిక్కు సూసిండు," అంది మోతీబాయి. "నువ్వేం జేసినవ్?"

సాంసన్ ఏడవడం మొదలుపెట్టాడు. అరవై నాలుగేళ్ల మనిషి, పత్తి కట్టెల మధ్య, ముఖం దాచుకోవడం కూడా రాకుండా ఏడ్చాడు.

"చెయ్యి లేపిన," అన్నాడు. "చెయ్యి లేపి నవ్విన."

మోతీబాయి ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. ఆమె కొంగుతో బండి సీటు మీద దుమ్ము తుడిచింది. తుడుస్తూ తన భాషలో ఏదో అంది. ఈ ఇద్దరికీ అది అర్థం కాలేదు, వాళ్లతో అన్నది కూడా కాదు.

"అంటే తాగలే," అంది చివరికి తెలుగులో. "తాగలే మా ఆయిన." మళ్లీ అంది, "నాక్కూడ ఒకపారి అనుమానమొచ్చింది అన్నా. అందరు అనంగ అనంగ, ఒక దినం ఫోటో ముందట నిలవడి నేనే అడిగిన, నిజం చెప్పు, తాగినవా అని. గా పాపం నాది. నీ పాపం నీది."

సాంసన్ చేతులు జోడించాడు. "పై ఐతారం మైకుల అంత చెప్త. నా నోటితోనే చెప్త. పోలీసులకు చెప్పమన్నా చెప్త."

"మైకుల చెప్తె ఇంటరు, మర్శిపోతరు," అంది ఆమె. నడుముకు వేలాడే తాళాల గుత్తి తీసింది. పెట్టె తాళాలూ ఇంటి తాళాలూ జరిపి, తుప్పు పట్టిన ఒక చిన్న తాళంచెవి విడదీసింది. అకీల్ వైపు తిరిగింది.

"ఎనిమిది దినాలల్ల గిది నడుస్తదా బిడ్డా?"

అకీల్ తడబడ్డాడు. "ఇంజను పట్టేసి ఉంటది అమ్మా. విప్పాలె. కష్టపడితె నడుస్తది. కానీ గీ పెడళ్ల తోని ఎవలు..."

"నడిపెటోడు ఉన్నడు," అంది మోతీబాయి. "కుడి కాలు వంగనోడు."

సాంసన్ తల ఎత్తాడు. "చెల్లె, నాకు అరవై నాలుగు. రేసు బండెక్కి ముప్పై రెండేండ్లాయె. ఆ దిబ్బ మీద..."

"నా మొగనికి ముప్పై," అంది ఆమె.

ఆయన అరచేయి తెరిచి తాళంచెవి అందులో పెట్టి, వేళ్లు తనే మూసింది. కొట్టం లోంచి బయటికి నడుస్తూ అకీల్‌ని అడిగింది.

"ఆ మొరం గుంత పూడ్సిండ్రా?"

"లేదమ్మా. తాడు మాత్రం కట్టినం."

"అయితె ఫోటో ఆడ పెట్టుండ్రి. గుంత అవతల. దిబ్బ మీదికెల్లి దిగెటోనికి ఎదురుంగ కనవడాలె."

ఆమె ఫోటో తేవడానికి ఇంట్లోకి పోయింది. అకీల్ సాంసన్ కాళ్ల వైపు చూశాడు. సాంసన్ ఎడమ కాలు కొట్టం నేల మీద మట్టిని తొక్కుతోంది, వదులుతోంది, మళ్లీ తొక్కుతోంది.